వంగపువ్వు రంగు పెడళ్లు

జాహ్నవి నాయనకు,

అరుణ రాయునది. ఇక్కడ మీ అమ్మ, పాప, నేను, రెండు బర్రెలు అందరం బాగున్నాం. ఒడిశాలో మీరూ బాగున్నారని రమణ చెప్పాడు, సంతోషం. బాగోగులు అయిపోయాయి. ఇక నా దగ్గర మిగిలింది కోపం ఒక్కటే. ఈ ఉత్తరం నిండా అదే ఉంటుంది గనక కడుపు నిండా అన్నం తిన్నాకే చదవండి.

నా ఫోన్ పాడైందా అని అడిగారు. పాడు కాలేదు. మీ నంబరు రాకుండా నేనే ఆపించాను. ఫోన్‌లో మీతో పోట్లాడడం నాకు చేతకావడం లేదు. నేను గొంతు సర్దుకునేలోపే "సిగ్నల్ లేదు అరుణా, మళ్లా చేస్తా" అంటారు. మీరు మళ్లీ చేసేసరికి నేను చల్లబడి ఉంటాను. ఈసారి చల్లబడదలుచుకోలేదు. కాగితం మీదైతే మీరు మధ్యలో అడ్డం రాలేరు. మీ ఉత్తరం తెచ్చిన రమణే ఆదివారం తిరిగి మీ బోరు లారీ దగ్గరికి వస్తున్నాడు. ఇది అతని చేతికే ఇస్తాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తమ్మ మోకాలికి మార్కాపురం డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటోంది. నడక ఫరవాలేదు, నోరు ఎప్పటిలాగే ఉంది. కందులు కొట్టించాం, ఈ ఏడు గింజ సన్నం. పాపకు డిప్లొమా పరీక్షలు శివరాత్రి దాటాక. నీళ్ల ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తోంది. ఊరూరికీ బోర్లు వేసే మనిషి ఇంటి ముందు ఖాళీ బిందెలేంది అని వీధిలో నవ్వుతుంటారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతుంటాను, ఏం చేయను.

ఇక మీ ఉత్తరం చివర్లో రాసింది. దాన్ని నేను చదివాక మళ్లీ పాప చేత చదివించుకున్నాను, నా కళ్లు తప్పు చదివాయేమోనని. "సైకిల్ ఎట్లాగూ ఇచ్చేశాం గదా, దానికింత రాద్ధాంతం దేనికి. మా ఓనరు రావుగారు తన హోటల్లో గోడకు పెట్టించాడు, బ్రహ్మాండంగా ఉందంట. పెడళ్లు లేక బోసిగా ఉందని రెండుసార్లు అడిగినాడు. మీరు చేసిన ఆ రంగు పెడళ్లు ఇంట్లోనే ఉన్నాయి గదా, తొందరగా అందజెయ్యి." ఇదీ మీరు రాసింది.

ఇచ్చేశాం అని రాశారు. ఎవరండీ ఇచ్చింది? ఆ మాటలో నన్నెందుకు కలిపారు?

ఆ పెడళ్ల సంగతి మీకు అసలు తెలుసా? తెలియదు. మీకు తెలిసింది ఫోన్‌లో చూసిన బొమ్మ. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

మార్కాపురంలో పాత ఇనుము దుకాణం ముందు తుప్పు పట్టి పడి ఉన్న ఆడవాళ్ల సైకిల్ చట్రాన్ని చూసింది పాప. హంస మెడలాగా వంపు తిరిగి ఉంటుంది ముందు కడ్డీ. ఇప్పుడు ఎవరూ చేయడం లేదట అట్లాంటివి. పట్నాల్లో అయితే పాత వాటిని బాగు చేయించుకొని, పాత ఫ్యాషన్‌లోనే కొత్తగా తయారు చేయించుకొని తిరుగుతున్నారట. "అమ్మా, నువ్వు రోజూ పక్క పల్లెలో అంగన్‌వాడీకి ఎండలో నడిచి పోతన్నావు గదా, దీన్ని నీకు చేసి పెడతా" అంది. ఆటోలో వేసుకొని తెచ్చింది. ఎండాకాలమంతా మేమిద్దరం వసారాలో కూర్చొని గరుకు కాగితంతో తుప్పు రుద్దాం. అత్తమ్మ మంచం మీద నుంచి చూసి, "ఆడోళ్లు ఇద్దరూ అంట్లు తోమినట్టు సైకిల్ తోమతన్నారు" అని వచ్చే పోయేవాళ్లకు చెప్పేది.

తుప్పు వదిలాక పాప నన్ను అడిగింది, "ఏం రంగు వేపిద్దామ్మా?" అని.

మీరు నవ్వుతారేమో. నా పెళ్లి చీర రంగు మీ అక్క చూసింది. ఈ ఇంటికి సున్నం రంగు మీరు చూశారు. నేను ఉద్యోగానికి కట్టుకునే చీర రంగు గవర్నమెంటు చూస్తుంది. నీకేం రంగు కావాలి అని నన్ను అడిగిన మొదటి మనిషి నా కూతురు. రెండు రోజులు ఆలోచించుకొని చెప్పాను, వంగపువ్వు రంగు అని. దొడ్లో వంగ చెట్టు దగ్గరికి పోయి పువ్వు కోసుకొచ్చి ఇచ్చాను. కంభంలో బండ్లకు రంగులేసే ధనుంజయ ఆ పువ్వును చూసి, "అక్కా, జనం కారు బొమ్మ తెస్తారు, బైకు బొమ్మ తెస్తారు, నువ్వు కూర చెట్టు పువ్వు తెచ్చినావు" అన్నాడు. కానీ తెలుపులో నీలం, ఒక చుక్క ఎరుపు కలుపుకుంటూ, పువ్వు పక్కన పెట్టుకొని బాగా తెచ్చాడు.

సీటు ముదురు గోధుమ రంగుది, టైర్లు మీగడ రంగువి, పాప ఫోన్‌లో చూసి తెప్పించింది. అంతా కుదిరింది. పెడళ్లు మాత్రం పాత నల్ల రబ్బరువి. పట్టుచీర కట్టుకొని పొలం బూట్లు తొడుక్కున్నట్టు ఉంది చూడ్డానికి. నాకు మొదట పట్టింపు లేదు. పాప వదల్లేదు. తర్వాత నాకూ అదే కంట్లో పడేది.

ఎక్కడెక్కడ అడిగామో. కంభంలో అడిగాం, మార్కాపురంలో ఉన్న సైకిల్ దుకాణాలన్నీ అడిగాం, గిద్దలూరులో మా పిన్ని చేత అడిగించాం. ఉంటే నలుపు, లేకపోతే చిన్న పిల్లల సైకిళ్ల ప్లాస్టిక్‌వి, కళ్లు చెదిరే గులాబీ. ఒక దుకాణదారుడు విసుక్కున్నాడు: "పెడలుకు రంగేందమ్మా, కాలి కిందనే గదా ఉండేది." నేను దుకాణం మెట్లు దిగి వచ్చాను గానీ ఆ మాట దిగలేదు. కాలి కింద ఉండేవాటికి రంగెందుకు అని మీరందరూ అనుకుంటారు. సరే.

నల్ల రబ్బరుకే రంగు పూసి చూశాం. వారం తిరగకముందే పెచ్చులూడి నా చెప్పులకు అంటుకుంది. కొయ్యతో చేయిస్తే తడికి జారింది, పాప మోచేయి గీసుకుపోయింది. అప్పుడు దొరికింది దారి, అదీ అనుకోకుండా. మార్కాపురం బస్టాండు దగ్గర దయామణి అని ఒకామె హవాయి చెప్పులు కోసి అమ్ముతుంది. చెప్పు తెగితే కుట్టించుకుందామని ఆగాను. ఆమె వెనక గోడకు రబ్బరు షీట్లు చుట్టి పెట్టి ఉన్నాయి, నీలం, పచ్చ, తెలుపు, వాటి నడుమ ఒకటి వంగపువ్వు రంగుది. నేను చెప్పు సంగతి మరిచిపోయాను. ఆమె, "అక్కా, ఆ రంగు చెప్పులు ఎవరూ కొనడంలా, తీసుకపో" అని ఒక ముక్క కోసి ఇచ్చింది.

పాత పెడలుకు రెండేసి రబ్బరు దిమ్మెలు ఉంటాయి గదా, ఇనుప చట్రంలో బిగించి. పాప ఆ దిమ్మెల కొలత తీసి షీటును బ్లేడుతో కోసింది. పంక్చరు అతికించే జిగురుతో ముక్క మీద ముక్క వేసి, రుబ్బురోలు కింద పెట్టి అణచి దిమ్మెలు చేశాం. కాలు జారకుండా వాటి మీద అడ్డగీతలు కోసింది నేనే. బొటనవేలు తెగింది. ఆ మచ్చ ఇంకా ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. అంతా అయ్యాక సైకిల్ పక్కన పెట్టి చూస్తే రబ్బరులో ఎరుపు కొంచెం ఎక్కువ, రంగులో నీలం కొంచెం ఎక్కువ. రెండూ వంగపువ్వులే, కానీ రెండు చెట్లవి.

నేను నీరుగారిపోయాను. పాప మాత్రం కాసేపు చూసి, "అమ్మా, రబ్బరు రంగు మనం మార్చలేం. సైకిల్ రంగు మార్చగలం గదా" అంది. పెడళ్లను సైకిల్‌కు కలపాలని తిరిగాం గానీ సైకిల్‌నే పెడళ్లకు కలపొచ్చని మాకు అప్పటిదాకా తోచలేదు. రబ్బరు ముక్క ఇచ్చి ధనుంజయకు మళ్లీ పంపించాం. గొణుక్కుంటూనే వేశాడు. సైకిల్ ఇంటికి వచ్చిన రోజు వసారాలో ఆనించి పెట్టాం. పెడళ్లు ఇంకా బిగించలేదు, దిమ్మెలకు బోల్టులు వేయాలి, సాయంత్రం ఇద్దరం కూర్చొని వేద్దామనుకున్నాం. పెడళ్లను పక్కన పెట్టి దాన్ని ఫోటో తీసి పాప మీకు పంపింది. మీరు దాన్ని మీ ఫోన్ స్టేటస్‌లో పెట్టుకున్నారు, "మా ఇంటి సైకిల్" అని. నాకు ఆ రోజు గర్వంగానే ఉండింది, అక్కడే అది రావుగారి కంట పడుతుందని నాకేం తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం నేను పిల్లలకు గుడ్లు పంచి, తాళం వేసి ఇంటికి వచ్చేసరికి వసారా ఖాళీ.

"వాడు ఫోన్ చేసినాడు అరుణా," అంది అత్తమ్మ. "ఓనరు వ్యాను వస్తాది, ఇచ్చి పంపమ్మా అన్నాడు. ఇచ్చినా."

"అది ఎవరిదత్తా?"

"నాకేం తెలుసు. ఇంట్లోది."

ఆమె కొడుకు మాట వింది. నేనేం అనను? ఆ సాయంత్రం పాప కాలేజీ నుంచి వచ్చి, వసారా చూసి, లోపలికి పోయి పెడళ్లను పాత చీర ముక్కలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది. దాని ముఖం మీరు చూసి ఉంటే బాగుండేది. మీకు ఫోన్ చేస్తే ఏమన్నారు? "స్కూటీ కొనిస్తాలే" అన్నారు. నేను స్కూటీ అడిగానా?

ఎందుకిచ్చారో మొన్న వచ్చిన మీ ఉత్తరంలో గదా రాశారు. రావుగారు కంభం యార్డులో లారీలు చూసుకునే పని మీకే ఇస్తానన్నాడని, ఈ సైకిల్‌తో ఆయన మనసు మెత్తబడిందని, ఇక ఒడిశాలు తిరగకుండా ఇంటి పట్టున ఉండొచ్చని. "మీ కోసమే గదా చేసినా" అని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కోపం ఎక్కువైంది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. మీరు ఇంటికి రావాలని నాకు లేదా? పాప రెండో తరగతి నుంచి మీరు ఆ లారీ మీదే ఉన్నారు. ఈ మాట ముందే నాకు చెప్పి, సైకిల్ ఇద్దామా అని అడిగి ఉంటే, ఏమో, కడుపు మండినా ఇచ్చేదాన్ని. మీరు అడగలేదు. అడిగితే కాదంటానని అడగలేదా, అడగాల్సిన మనిషిని కాననా? దీనికి జవాబు రాయండి.

సరే. ఇప్పుడు మీకు చెప్పాల్సింది చెబుతాను. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

మీరు చెప్పినట్టే పెడళ్లు తీసుకొని హోటలుకు పోయాను. మొన్న రెండో శనివారం. నిజం చెబుతున్నాను, బిగించి వచ్చేద్దామనే పోయాను. మీ ఉత్తరం విన్నాక అత్తమ్మ రెండు రోజులు నా వెంట పడింది. "వాడు ఇంటికొస్తానంటే అంతకన్నా ఏంది అరుణా. సైకిల్ ఇంకోటి చేసుకుందాం, కొడుకును ఇంకోడిని యాడ తెస్తా నేను" అంది. ఆ మాటకు నేను ఓడిపోయాను. పాపకు చెప్పకుండా పెట్టె తీసి, దిమ్మెలకు బోల్టులు బిగించి, పెడళ్లు, పానా సంచిలో వేసుకున్నాను. హోటలు చూడాలని అత్తమ్మ కూడా బయల్దేరింది. ఆటో మాట్లాడుకొని పోయాం.

గిద్దలూరు రోడ్డు మీద అద్దాలతో పెద్దగా కట్టాడు మీ ఓనరు ప్రభాకరరావు. లోపలికి పోతే చల్లగా ఉంది. ఎదురుగా గోడ మీద నా సైకిల్. ముందు చక్రానికి ఒక కొక్కెం, వెనక చక్రానికి ఒక కొక్కెం. ముందు బుట్ట కట్టి అందులో ప్లాస్టిక్ పూలు పెట్టారు. టైర్లలో గాలి లేక చప్పబడి ఉన్నాయి. దాని కింద కూర్చొని ఎవరో బిర్యానీ తింటున్నారు.

అత్తమ్మ తల ఎత్తి చూసింది. తర్వాత నా చెవి దగ్గర, "గోడకు తగిలేసినారా? తొక్కుకుంటారేమో అనుకున్నా నేను" అంది.

రావుగారు కౌంటరు దగ్గరే ఉన్నాడు. నేను ఫలానా అని చెప్పి, పెడళ్లు తెచ్చానన్నాను. ఆయన మర్యాదకేం లోటు చేయలేదు. "అబ్బ, అదే రంగు. యాడ దొరికినాయమ్మా ఇవి?" అని చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. టీ చెప్పాడు. పనివాళ్లను పిలిచి సైకిల్ దింపించాడు. ఇద్దరు దాన్ని దేవుడి పల్లకీలాగా జాగ్రత్తగా దింపి నా ముందు నిలబెట్టారు. నేను నేల మీద కూర్చొని కుడి పెడలు బిగించాను.

ఎడమది పెట్టి తిప్పుతుంటే మేనేజరు వంగి, "అమ్మా, అటు తిప్పితే ఊడతాది" అన్నాడు.

"ఎడమది ఇట్లనే బిగుస్తాది నాయనా" అన్నాను. నాకు పాప నేర్పింది.

తిప్పుతూనే రావుగారిని అడిగాను. మీ కోసం అడిగాను. "అన్నా, ఆయన్ను యార్డుకు ఎప్పటి నుంచి రమ్మంటారు? లారీ మీద ఇంకెవరినన్నా చూసుకోవాల గదా మీరు."

"యార్డుకా?" అన్నాడు ఆయన. మీ పేరు గుర్తు తెచ్చుకోవడానికి కూడా కొంచెం ఆగాడు. "మాలకొండయ్యనా? యార్డు మా బామ్మర్ది చూసుకుంటన్నాడు గదమ్మా. దసరాకే చేరినాడు. మీ ఆయన మంచోడు. లారీ మీద అట్లాంటోడు లేకపోతే నాకు కష్టం. చూద్దాం, ముందు ముందు."

దసరాకే. మన వసారాకు వ్యాను వచ్చింది కార్తీకం దాటాక. మీరు లెక్క వేసుకోండి. మీకు ఆ మాట ఇచ్చేనాటికే ఆ కుర్చీలో మనిషి కూర్చొని ఉన్నాడు.

నా చేయి ఆగిపోయింది. మీ మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో ఆ క్షణం కనపడలేదు. మీరు అక్కడ కొండల్లో ఆ దుమ్ములో నిలబడి, ఇంటికి పోతానని ఆశపడి, ఈయనకు ఫోన్‌లో నవ్వుతూ "తీసుకోండి సార్" అని ఉంటారు. ఆ నవ్వు నాకు వినపడింది. తర్వాత కోపం మళ్లీ వచ్చింది, ఈసారి రెండింతలు.

ఎడమ పెడలు గట్టిగా, ఎంత బిగుస్తుందో అంత బిగించాను. లేచి, బుట్ట ముడి విప్పి ప్లాస్టిక్ పూలతో సహా కౌంటరు మీద పెట్టాను. హ్యాండిల్ పట్టుకొని గుమ్మం వైపు నడిపించాను.

"అమ్మా, యాడికి?" అన్నాడు మేనేజరు.

"గాలి కొట్టియ్యడానికి."

"గోడ మీద ఉండేదానికి గాలెందుకు?" అని రావుగారు నవ్వాడు.

"గోడ మీద ఉండదన్నా. నేను ఇంటికి తీసుకపోతన్నా."

ఆయన నవ్వు ఆపాడు. కేకలేం వేయలేదు. "మీ ఆయనే ఇచ్చినాడమ్మా. నేను లాక్కోలేదు" అన్నాడు.

"ఆయనది కాదు. ఆయనది కానిది ఆయనెట్ల ఇస్తాడు?"

"నలుగురిలో ఇదేం పద్ధతి. మాలకొండయ్య నా బండి మీద ఉన్నాడు, అది గుర్తు పెట్టుకొని మాట్లాడు."

బిర్యానీ తినేవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. "ఈ నెలతో దిగతాడు" అన్నాను.

"ఎవరు? మీ ఆయన చెప్పినాడా?"

"నేను చెప్తన్నా."

ఇదీ జరిగింది. మీ నౌకరీ గురించి మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా, ఒడిశాలో ఉన్న మనిషి తరఫున, హోటలు మధ్యలో నిలబడి చెప్పేశాను. ఈ నాలుగు రోజులు ఈ కాగితం ముందు కూర్చోవడం, లేవడం, దీని గురించే. సైకిల్ తెచ్చుకున్నందుకు నాకేం బాధ లేదు, మళ్లీ అయినా తెచ్చుకుంటాను. ఆ రెండో మాటకు మాత్రం నాకు నిద్ర పట్టడం లేదు. మీరు నాకు చేసిందే నేను మీకు చేశాను. నాది పెద్దది కూడా. సైకిల్ పోతే నడిచి పోవచ్చు.

అత్తమ్మ టీ పూర్తిగా తాగి, గ్లాసు బోర్లించి, నా వెనకే బయటికి వచ్చింది. పక్కనే పంక్చరు షెడ్డు ఉంది, గాలి కొట్టించాను. తొమ్మిదో తరగతిలో కురిచేడు బడికి తొక్కిన తర్వాత మళ్లీ సైకిల్ ఎక్కడం ఇదే. మొదట రెండుసార్లు కాలు నేలకు ఆనించాల్సి వచ్చింది. మూడోసారి కదిలింది. పక్క నుంచి లారీలు పోతుంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. ఆటోను నా వెనకే మెల్లగా పోనివ్వమని అత్తమ్మ పట్టుబట్టింది. అతను హారన్ కొడితే, "కొట్టొద్దురా నాయనా, బెదరతాది" అని ఆమె కసరడం నాకు వినపడుతూనే ఉంది. కంభం దాటి ఊరిదారి పట్టేదాకా అట్లాగే వచ్చాం. పాదాల కింద ఆ గీతలు మెత్తగా, గట్టిగా పట్టుకున్నాయి, ఒక్కసారీ జారలేదు.

ఇంటికి వచ్చాక ఆమె అన్న మాట కూడా రాస్తాను, మీ అమ్మ మాట గదా: "వాడిని మోసం చేసినాడే అరుణా. నా కొడుకును ఊరికే ఆశ పెట్టి మోసం చేసినాడు." మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. పాప మాత్రం చీకటి పడేదాకా సైకిల్ మీద వీధిలో తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నేను రోజూ దాని మీదే అంగన్‌వాడీకి పోతున్నాను. దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే కాపరులే తోలి దారి ఇస్తున్నారు. అది ఉండనివ్వండి.

రావుగారు మీకు ఫోన్ చేసి ఉంటాడు, లేకపోతే చేస్తాడు. ఆయన ఎట్లా చెబుతాడో నాకు తెలుసు. అందుకే నేను జరిగింది జరిగినట్టు రాశాను, నా తప్పుతో సహా. మీరు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, ఆ ఒక్క మాటకు నేను పడతాను. సైకిల్‌కు మాత్రం పడను.

మీరు వస్తే ఇక్కడేం చేస్తారో నా దగ్గర జవాబు లేదు. మార్కాపురంలో బోరు లారీలు ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారని, మీ చేయి పనిమంతుల చేయి అని అందరికీ తెలుసని రమణ అంటున్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. ఉన్న కాస్త చేనులో కందులు మనల్ని ఏడాది పొడుగునా సాకవు. నేను వీరావేశంలో మాట్లాడాను గానీ పొయ్యి ముందు కూర్చుంటే నాకూ భయమే.

కాబట్టి తేల్చుకోవాల్సింది మీరు. లారీ మీదే ఉండాలనిపిస్తే రావుగారికి ఫోన్ చేసి మా ఆవిడకు తల తిరిగి అట్లా అన్నదని చెప్పండి. నమ్ముతాడు, ఆయన ఇప్పటికే అట్లా అనుకుంటున్నాడు. నేను మనసులో పెట్టుకోను. దిగాలనిపిస్తే దిగి రండి, కలిసి చూసుకుందాం. మీ నంబరు మళ్లీ తెరవమని పాపకు చెప్పాను. ఏదైనా సరే, ఆయనకు చెప్పే ముందు నాకు చెప్పండి.

ఇట్లు,
కోపం తగ్గకుండానే మీ కోసం ఎదురు చూస్తున్న,
మీ పాప వాళ్లమ్మ,
అరుణ